చచ్చిన పురుగు కాదు, బతికున్న జోరీగే

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఫొటోల ప్రదర్శన నిన్ననే ముగిసింది. నా జోరీగ ఫొటో గోడకెక్కింది. అక్కడిదాకా వెళ్ళడానికి పడ్డ అవమానం ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

లెన్సు సంగతి తేలిక. పాత 28 ఎంఎం లెన్సును రింగుతో తిరగేసి కెమెరాకు బిగిస్తే పురుగు అసలు సైజుకు రెండింతల పైనే పడుతుంది. అపెర్చర్ రింగు, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రాన్ని పెంచీ తగ్గించే రింగు, లెన్సు మీదే ఉన్న పాతరకం చూసి కొనండి. చిన్నవాటిని దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు లేనిదే పని జరగదని బెదిరించే దుకాణాల మాట వినకండి.

జోరీగలు పొద్దున్నే మా పెదనాన్నగారి పశువుల సాల పక్క కంచె మీద దొరుకుతాయి. ఒంటికి వేడి తగలందే ఎగరలేవు. లెన్సు నాలుగు వేళ్ళ దూరంలోకి వెళ్ళాలి. స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒళ్ళే ముందుకీ వెనక్కీ కదిపి ఫోకస్ పట్టాలి. ఫ్లాష్ తక్కువ పవర్‌లో పెడితే వెలుగు సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువసేపే ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా ఫొటో చెదరదు. ఫ్లాష్‌కు బటర్ పేపర్ అడ్డం పెట్టండి, లేకపోతే కంటి మీద తెల్లటి మచ్చలు పడతాయి. అలా దొరికింది నా ఫొటో: పచ్చటి కన్ను, దాని మీద ఊదారంగు చారలు, వరసలు వరసలుగా గళ్ళు, వాటిని తుడుచుకుంటూ ఎత్తిన ముందుకాలు.

ఫారం, రుసుము నిమిషంలో అయిపోయాయి. గొడవ ఎంపిక బల్ల దగ్గరే మొదలైంది. నిర్వాహకుడు ఫొటోను ఇలా చూసి అలా పక్కకు తోసేశాడు. "ఫ్రిజ్‌లో పెట్టి చంపి తీశావు కదా బాబూ? బతికున్న ఈగ ఇంత దగ్గర కూర్చుంటుందా?" అన్నాడు ఒడియాలో, అందరికీ వినబడేలా. కుర్రాళ్ళు నవ్వారు. పైగా "పాతపట్నం నుంచి వచ్చావా?" అని అడిగాడు. పాతపట్నం సరిహద్దు అవతలి ఆంధ్రా ఊరు; నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. ఆ మాటకే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెచ్చి అసలు ఫైళ్ళు వరసగా చూపించాను. ఒకదాంట్లో కాలు కంచె మీద, తర్వాతి దాంట్లో కంటి మీద, ఆ తర్వాత తల పక్కకు తిరిగి ఉంది. అయినా ఆయన తల ఎత్తలేదు. అక్కడే ఉన్న ఒక జువాలజీ మాష్టారు వంగి చూశారు. "కళ్ళ మధ్య ఎడముంది, ఇది ఆడది. పశువుల రక్తం తాగేది ఇదే. చచ్చి ఎండిపోతే ఈ చారలు వెలిసిపోతాయండీ, ఇది బతికున్నదే" అన్నారు. అప్పుడు "సరే, పెట్టండి" అన్నాడు నిర్వాహకుడు. క్షమించమన్న మాట లేదు.

పురుగుల్ని చల్లబరిచి, జిగురుతో అంటించి తీసేవాళ్ళు నిజంగానే ఉన్నారు. ప్రాణాన్ని హింసించి తీసిన ఫొటోకు ఎన్ని బహుమతులొస్తే మాత్రం ఏం లాభం? వాళ్ళ పాపానికి తెల్లవారుజామున మంచులో మోకాళ్ళ మీద కూర్చునే మాలాంటివాళ్ళం మాటలు పడుతున్నాం.

నా ఫొటోను తలుపు వెనక మూలన పెట్టారు. అయినా పిల్లలు ఎక్కువగా గుమిగూడింది అక్కడే. మీరు మాత్రం బాగా రాని ఫ్రేములు కూడా చెరిపెయ్యకండి, వరస మొత్తం దాచుకోండి. ఈసారి ఫారంతో పాటే పెన్‌డ్రైవ్ కూడా ఇస్తాను.