గుడ్డుకి గుర్రాలెందుకు?

ఆదివారం. మధ్యాహ్నం దాకా పాప కొత్త పుస్తకాలకు అట్టలు వేయడంతోనే సరిపోయింది. రైమ్స్ పుస్తకం ముఖచిత్రం హంప్టీ డంప్టీ. టై కట్టుకుని గోడెక్కి కూర్చున్న గుడ్డు. గోడ మీంచి పడ్డ హంప్టీని రాజుగారి గుర్రాలూ, మనుషులూ కలిసినా మళ్లీ అతికించలేకపోయారని పాట. "గుడ్డు పగిలితే గుర్రాలొచ్చి ఏం చేస్తాయి నాన్నా?" అనడిగింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పనికొచ్చే ప్రశ్న!

అసలా పాటలో గుడ్డు ఊసే లేదు. అదొక పొడుపు కథ, గుడ్డు దాని విడుపు. స్వీడన్ పిల్లలకు ఇలాంటిదే ఉంది, అక్కడ పడేవాడి పేరు లిల్లె ట్రిల్లె. ఫ్రాన్స్‌లో బూల్ బూల్. ఇంగ్లీషు పేరులో ఇంకో తిరకాసుంది. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన బజారు మాటల నిఘంటువులో హంప్టీ డంప్టీ అంటే పొట్టిగా, మొద్దుగా ఉండే మనిషి. బ్రాందీ పోసి కాచిన ఏల్ బీరుకీ అదే పేరు. అంటే వినేవాడికి బొద్దుగా ఉన్న మనిషెవరో గోడ మీంచి పడ్డట్టు తోస్తుంది, గుడ్డు తట్టదు. ఇప్పుడేమో విడుపుని ముఖచిత్రంగా వేసి పొడుపు కథ లోపల పెడుతున్నారు. మా స్కూల్లో లావుగా ఉన్నవాణ్ని హంప్టీ అనేవాళ్లు, గ్రోస్ గారి అర్థంలోనే.

గుర్రాల సంగతి. 1797లో మొదటిసారి అచ్చయినప్పుడు రాజూ లేడు, గుర్రాలూ లేవు. ఎనభై మంది, ఇంకో ఎనభై మంది కలిసినా వాణ్ని మునుపటిలా చేయలేకపోయారు, అంతే. పాపకి ఇదే బాగా నచ్చింది. హంప్టీ అంటే ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డని ఒక కథ, కోల్‌చెస్టర్ అనే ఊళ్లోని ఫిరంగి అని ఇంకో కథ నెట్లో తెగ తిరుగుతాయి గానీ రెండూ 20వ శతాబ్దంలో అల్లినవే.

నాకైతే హంప్టీ అనగానే బ్రిటిష్ జడ్జి లార్డ్ అట్కిన్ గుర్తొస్తాడు. లూయిస్ కారల్ 1871 పుస్తకంలో ఈ గుడ్డు, నేను వాడిన మాటకి నేననుకున్నదే అర్థం అని ఆలిస్‌తో దబాయిస్తుంది. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, అప్పట్లో బ్రిటన్ పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందు లివర్సిడ్జ్ కేసు. హోం మంత్రి ఉత్తర్వుతో నిర్బంధించిన మనిషి లివర్సిడ్జ్. సహేతుకమైన కారణం ఉంటేనే నిర్బంధించాలని నిబంధన. ఉందని హోం మంత్రి అనుకుంటే చాలన్నారు నలుగురు జడ్జీలు. అట్కిన్ ఒక్కడే కాదన్నాడు, తీర్పులో ఆ గుడ్డు మాటల్నే ఎత్తి చూపించాడు. అప్పటి నుంచీ మాటల అర్థాన్ని తమకు కావలసినట్టు తిప్పుకునేవాళ్లకి కోర్టుల్లో ఈ పేరు అంటుకుంది. అట్కిన్ చెప్పిందే సరైనదని సుమారు 40 ఏళ్ల తరవాత అదే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఇంకో జడ్జి లార్డ్ డిప్లాక్ అన్నాడు. లివర్సిడ్జ్ మాత్రం కేసు ఓడిపోయాడు.