నెల్లూరులో వదిలిన రొట్టె

గత ఏడాది మొహర్రం రోజుల్లో మా అమ్మ రాజమహేంద్రవరంలో ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉండగా, నెల్లూరులో ఉన్న మా పిన్ని బారా షహీద్ దర్గా దగ్గరి స్వర్ణాల చెరువులో దిగి ఆమె పేరిట ఆరోగ్య రొట్టె పట్టుకున్నది. అక్కడి రొట్టెల పండుగలో కోరిక ఉన్నవారు రొట్టె పట్టుకుంటారు, అది తీరినవారు మళ్ళీ వచ్చి రొట్టె వదులుతారు. పిన్ని పట్టుకున్న సంగతి మాకు వారం తరువాత గాని తెలియలేదు. అమ్మ కోలుకుని మునుపటిలా ఇంటి పనులు చేసుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచి పిన్ని ఫోనులో ఒకే మాట చెబుతూ వచ్చింది: "అక్కా, పట్టుకున్నది నేనే అయినా, వదిలేది మాత్రం నువ్వే. రొట్టెల పండక్కి నువ్వు రావాల్సిందే." ఆ మాట ప్రకారమే ఈ ఏడాది అమ్మను వెంటబెట్టుకుని నాలుగు రోజులు నెల్లూరు వెళ్ళి వచ్చాను.

తెల్లవారుజామున రైలు పెన్న వంతెన మీదికి రాగానే అమ్మ లేచి కూర్చుని కిటికీలోంచి చేతులు జోడించింది. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మాకు, ఇసుక మేటల నడుమ సన్నని పాయగా పారే పెన్నను చూస్తే మొదట జాలి కలుగుతుంది. అయితే ఈ పాయ మీద ఆధారపడిన పొలాల్లోనే మొలగొలుకుల బియ్యం పండిందని, పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తిరిగిన నేల ఇదేనని గుర్తుకు రాగానే ఆ జాలి గౌరవంగా మారింది.

పిన్నివాళ్ళ ఇల్లు మూలాపేటలో. పెళ్ళయి వచ్చి ముప్పయ్యైదేళ్ళు కావడంతో ఆమె మాట పూర్తిగా నెల్లూరు మాటగా మారిపోయింది. గుమ్మంలో అడుగు పెట్టకముందే, "ఏందక్కా, ఇంత చిక్కిపోయినావు? యాడా బండి ఆలస్యం కాలేదు గదా?" అని పలకరించింది. అమ్మ మాత్రం "ఏంటే, నువ్వే చిక్కిపోయావు" అని తన గోదావరి మాటలోనే బదులిచ్చింది. ఒకే తల్లి బిడ్డల నోట రెండు నదుల యాసలు వినడం నాకెంతో బాగుండేది. ఆ నాలుగు రోజులూ వాళ్ళ మాటలు వింటూ కూర్చోవడానికే నేను ఎక్కువ ఇష్టపడ్డాను.

ఆ ఉదయం బాబాయి నన్ను వీధి మలుపులో ఉన్న దోసెల బండి దగ్గరికి తీసుకువెళ్ళారు. నెల్లూరు కారం దోసె గురించి విన్నాను గాని, అది తయారవడం దగ్గరగా చూసింది అప్పుడే. బండి నడిపే ఆమెకు అరవై ఏళ్ళు ఉంటాయి. పెనం మీద నీళ్ళు చిలకరించి, చీపురుకట్టతో తుడిచి, పిండిని గరిటె అడుగుతో గుండ్రంగా పరిచి, అంచులు లేస్తుండగా నెయ్యి వేసి, వెల్లుల్లి దంచి కలిపిన ఎర్రకారాన్ని అట్లకాడ మొనతో తీసుకుని మధ్య నుంచి అంచుకు ఒకే ఊపులో పూసేది. దాని మీద పుట్నాలపప్పు పొడి చల్లి, మడిచి, ఆకు మీద వేసేది. ప్రతి మనిషినీ "కారం దండిగానా, తగ్గించాలనా?" అని అడిగేది గాని, అలవాటైనవారిని మాత్రం అడిగేది కాదు, వారి కారం ఆమె చేతికే తెలుసు. నన్ను చూసి, "కొత్త అబ్బయ్య, కాస్త తక్కువ పూస్తాలే" అని తానే నిర్ణయించింది. ఆ తక్కువకే నా కళ్ళ నీళ్ళు వచ్చాయి. అయినా రెండో దోసె అడగకుండా ఉండలేకపోయాను.

మూలాపేటలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేణుగోపాలస్వామి గుడి. 1946లో పొట్టి శ్రీరాములు ఈ గుడిలోకి దళితులకు ప్రవేశం కల్పించాలని నిరాహారదీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన సంగతి పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాం. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారని కూడా తెలుసు. అయితే ఆయన మరణానికి ఆరేళ్ళు ముందే ఒక గుడి తలుపుల కోసం ఆయన పస్తున్న వీధి ఇదేనని బాబాయి చెబుతుంటే, రెండు నిమిషాల క్రితం తిన్న కారం దోసె రుచి నోట్లో ఉండగానే ఆ గోపురం కేసి చూశాను. తిండిని ఇంతగా ప్రేమించే ఊళ్ళో, తోటివారిని గుడిలోకి రానివ్వాలని ఒక మనిషి తిండి మానివేసి కూర్చున్నాడన్నది నేను తేలిగ్గా తీసుకోగలిగిన విషయం కాదు. దారిలో తిప్పరాజువారి వీధిని కూడా బాబాయి చూపించారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తమ పూర్వీకుల ఇంటిని 2020లో కంచి మఠానికి వేదపాఠశాల కోసం అప్పగించింది ఇక్కడేనట.

అక్కడ నుంచి ట్రంకు రోడ్డు దాటి కోటమిట్టకు వెళ్ళాం. బాబాయి చొక్కాలు కుట్టే దర్జీ ఒకరు అక్కడ ఉంటారు. ఆయన లోపల ఉన్న భార్యతో ఉర్దూలో, మాతో నెల్లూరు తెలుగులో, బట్ట కొలుస్తూ తనలో తాను ఎవరికీ వినిపించని ఒక లెక్కలో మాట్లాడుకుంటారు. పండుగ రోజుల్లో ఆయన ఇంటి వసారా నిండా చుట్టాలు కానివారే ఉంటారు. ముందు ఏడాది రొట్టె పట్టుకున్న చోట పరిచయమై, మరుసటి ఏడాది వదలడానికి వచ్చి, నేరుగా ఆయన ఇంటికే వచ్చేవారు ఉన్నారట. కోటమిట్ట నుంచే పండుగ రాత్రి దర్గాకు గంధం తీసుకువెళతారని, ఆ రాత్రి ఈ వీధిలో నిద్రపోయేవారు ఉండరని ఆయన చెప్పారు. అమ్మ సంగతి తెలియగానే కత్తెర పక్కన పెట్టి, "అన్నా, అక్కయ్యను నీళ్ళలో దూరం పోనీయవద్దు. అంచున నిలబడినా చాలు, షహీదులు చూస్తానే ఉంటారు" అని నెమ్మదిగా అన్నారు.

సాయంత్రం పిన్ని నన్ను చేపల మార్కెట్టుకు తోడు రమ్మన్నది. అమ్మ రాలేదు, రొట్టె వదిలేదాకా నీచు ముట్టకూడదని ఆమె నియమం పెట్టుకుంది. పిన్నికి కావలసినవి బొమ్మిడాయిలు. చేపలు అమ్ముతున్న ఆమె బూడిదా, రాతి ఉప్పూ పట్టించి జిగురు పోయేదాకా రుద్ది, కత్తిపీట మీద తలలు తీసి, బుట్టలో వేసింది. ఆ తరువాత మామిడికాయ కోసం సంతపేట వీధులన్నీ తిరిగాం, కాయల కాలం అయిపోతోంది గదా. చివరకు ఒక ముసలావిడ బుట్ట అడుగున నాలుగు కాయలు దొరికాయి. వాటిని గోటితో గిచ్చి వాసన చూసి, "ఇవి పులుసుకే పుట్టినాయి" అన్నది పిన్ని.

ఆ రాత్రి వంట గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను, అందుకు కారణం ఉంది. మట్టి చట్టిలో (మా అమ్మ దాన్ని దాక అంటుంది, ఆ మాట మీదా అక్కచెల్లెళ్ళకు కాసేపు వాదన నడిచింది) నూనె కాగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, టమాటా మగ్గాక ఉప్పూ కారం వేసి, చిక్కగా పిసికిన చింతపండు రసం పోసింది పిన్ని. అది తెరలి తెరలి నూనె పైకి తేలినప్పుడే చేపలు వేయాలి. చేప పడ్డ తరువాత గరిటె పెట్టకూడదు. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. మామిడి ముక్కలు చివర్లో వేసి, వేయించి దంచిన మెంతులు, జీలకర్ర, ఆవాల పొడి చల్లి దించింది. ఇల్లంతా ఆ వాసన నిండింది. అయినా ఎవరికీ వడ్డించలేదు. "ఈ రోజు తింటే పులుసు, రేపు తింటే నెల్లూరు పులుసు" అని మూత పెట్టింది. వంటింటి గడప దగ్గర నియమంతో కూర్చున్న అమ్మ ఆ మూత కేసి చూస్తూ గోదావరి పులస చేపల రోజులు గుర్తు చేసుకున్నది.

మరునాడు పొద్దున్నే అమ్మ గోధుమ పిండి కలిపి పన్నెండు రొట్టెలు చేసింది. బారా షహీద్ అంటే పన్నెండుగురు అమరులు గనుక అన్ని చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమే లెక్క పెట్టుకుంది. దర్గాలో పన్నెండు సమాధులు ఉన్నాయి. ఆర్కాటు నవాబు భార్య జబ్బు ఈ సమాధుల దగ్గరి మట్టితో నయమైందని, ఆ కృతజ్ఞతతోనే రొట్టెలు పంచడం మొదలైందని చెబుతారు. రజక దంపతుల కలలో షహీదులు కనిపించి ఆ ఉపాయం చెప్పారని ఆ కథలో మరో భాగం.

స్వర్ణాల చెరువు గట్టున కనిపించిన దృశ్యాన్ని నేను ముందుగా ఊహించలేకపోయాను. ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, గృహ రొట్టె, వీసా రొట్టె అని బోర్డులు పెట్టి ఉన్నాయి. కోరిక ఉన్నవారు ఆ బోర్డు దగ్గర చెయ్యి చాపి నిలబడతారు, తీరినవారు రొట్టె తెచ్చి ఆ చేతిలో పెడతారు. బురఖాలు వేసుకున్నవారు, పసుపు రాసుకుని తలలో పూలు పెట్టుకున్నవారు, మెడలో శిలువ ఉన్నవారు, తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు మోకాలిలోతు నీళ్ళలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. మామూలుగా మనం దాచుకునే మాటలు, అంటే పిల్లలు లేరని, ఉద్యోగం రాలేదని, ఇల్లు లేదని, ఇక్కడ అందరూ పేరు పెట్టి పైకి అడుగుతున్నారు. అడగడంలో ఎవరి ముఖంలోనూ సిగ్గు కనిపించలేదు.

అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. ఆరోగ్య రొట్టెల దగ్గర ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె చున్నీ తల మీద కప్పుకుని, రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నది. అమ్మ రొట్టెను ఆ చేతుల్లో పెట్టింది గాని వెంటనే వదలలేదు. "ఎవరికమ్మా?" అని అడిగింది. అమ్మాయి తమిళంలో ఏదో చెప్పింది. అమ్మకు తమిళం రాదు. మద్రాసు వైపు బంధువుల వల్ల కొంత తెలిసిన పిన్ని, "వాళ్ళ నాయనకంట అక్కా, కిడ్నీలు చెడినాయంట" అని చెప్పింది. రొట్టెకు అటువైపు ఆ అమ్మాయి వేళ్ళు, ఇటువైపు మా అమ్మ వేళ్ళు కాసేపు అలాగే ఉన్నాయి. తరువాత అమ్మ తన పొట్ట మీద ఆపరేషన్ కుట్లున్న చోట చెయ్యి వేసి చూపించి, "నాకు తగ్గింది. మీ నాన్నగారికీ తగ్గుతుంది" అని తెలుగులోనే చెప్పి, అప్పుడు వదిలింది. ఆ మాటను ఎవరూ అనువదించలేదు. అమ్మాయి రొట్టెలో సగం అక్కడే తిని, మిగిలిన సగాన్ని చున్నీ కొంగులో మూటకట్టుకుంది. మిగతా పదకొండూ వేరు వేరు చేతుల్లోకి వెళ్ళడానికి పావుగంట కూడా పట్టలేదు.

తిరిగి వచ్చే దారిలో చిన్నబజారులో మలై కాజాలు కొన్నాం. వేలితో నొక్కితే పాకం ఊరే ఆ మెత్తని మిఠాయిని నిజానికి అక్కడే తినాలి, పెట్టెల్లో పెట్టి రైలెక్కించేసరికి సగం గుణం పోతుంది. అయినా అరకేజీ కట్టించుకున్నాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చుంది. పిన్ని చట్టి మూత తీసింది. రాత్రంతా ఊరిన పులుసు ముదురు ఎరుపులోకి తిరిగి, అంచుల్లో నూనె తేలి ఉంది. వేడి అన్నంలో అది కలుపుకుని మొదటి ముద్ద తిన్న అమ్మ కాసేపు ఏమీ అనలేదు. పులస ముందు ఏదీ నిలవదని ముప్పయ్యైదేళ్ళుగా చెల్లెలితో వాదిస్తున్న మనిషి ఆమె. మామిడి ముక్కను టెంక దాకా చప్పరించి, పళ్ళెం ముందుకు జరిపి, "ఇంకో బొమ్మిడాయి ఉందా?" అని అడిగింది.

"దండిగా ఉండాయి, తినక్కా" అన్నది పిన్ని.