బంధుత్వం మీద అమ్ముడుపోయే క్రీములు

పాలకొల్లు, నరసాపురం పరిసరాల్లో దాళ్వా ధాన్యం డబ్బు చేతికందే వేసవి రోజుల్లో క్రీముల సంచులు ఇంటింటికీ తిరగడం కొన్నేళ్లుగా చూస్తున్నాను. ఆ సంచి పట్టుకుని వచ్చేది ముక్కూ మొహం తెలియని అమ్మకందారు కాదు. మన తోడికోడలు, మన పిల్లలకు చదువు చెప్పే టీచరుగారు, డ్వాక్రా సంఘంలో మన పక్కన కూర్చునే సభ్యురాలు. ముఖం కడుక్కునే జెల్లు, రాత్రిపూట రాసుకునే క్రీము, మచ్చలకు సీరమ్, ఎండకు సన్‌స్క్రీన్ కలిపి ఒక సెట్టుగా చూపిస్తారు. నేను ఈ ప్రాంతంలోనే మందుల దుకాణం నడుపుతున్నాను కాబట్టి ఆ డబ్బాలు కొన్నవారూ అమ్మినవారూ కూడా నా దగ్గరకు వస్తుంటారు. కొన్నవారు ముఖం మీద దద్దుర్లు చూపించి ఏం రాయమంటారని అడుగుతారు. అమ్మినవారు, మిగిలిపోయిన సరుకు మీ దుకాణంలో పెట్టుకుంటారా అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నే నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఇది రాయడానికి కారణం కూడా అదే.

ఇంటికి వచ్చి సరుకు అమ్మడంలో తప్పేమీ లేదు. అమెరికాలో డేవిడ్ మెక్‌కానెల్ అనే ఆయన ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్ముతూ, వాటితో పాటు ఉచితంగా ఇచ్చే సెంటు సీసాలకే గిరాకీ ఎక్కువగా ఉందని గమనించి 1886లో ఒక పరిమళ ద్రవ్యాల కంపెనీ పెట్టాడు. తరువాతి కాలంలో ఏవన్‌గా పేరు మార్చుకున్నది అదే. ఆడవారికి బయట పని దొరకడం కష్టంగా ఉన్న ఆ రోజుల్లో ఈ అమ్మకం వారి చేతికి సొంత డబ్బు తెచ్చింది. మన దేశంలో ఓరిఫ్లేమ్ 1995లోనూ, ఆమ్‌వే 1998లోనూ వ్యాపారం మొదలుపెట్టాయి. ఆ తరువాత స్వదేశీ కంపెనీలు ఎన్నో పుట్టుకొచ్చాయి. నరసాపురం చుట్టుపక్కల రోజంతా మెడ వంచి లేసు అల్లినా చేతికొచ్చే కూలి ఎంత స్వల్పమో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. అటువంటి ఇంట్లో, ఇల్లు కదలకుండానే నెలకింత సంపాదించుకోవచ్చన్న మాట ఆశ కలిగించడం సహజం, ఆ ఆశను నేను ఏనాడూ తక్కువ చేసి చూడను.

చిక్కల్లా ఎక్కడంటే, దుకాణంలో కొనేటప్పుడు డబ్బా తిప్పి చూసే మనిషి కూడా బంధువు చేతిలోంచి తీసుకునేటప్పుడు తిప్పి చూడదు. చూస్తే నమ్మనట్టు ఉంటుందని మొహమాటం. ధర ఎక్కువ అనలేం, వద్దు అనలేం, రాసుకున్నాక మంట పుడితే ఆ సంగతి చెప్పనూ లేం. సరుకు మంచిదని డబ్బా మీది వివరాలు ఇవ్వవలసిన భరోసాను బంధుత్వం ఇస్తోంది. అది బంధుత్వానికి మోయరాని బరువు.

ఇటీవల ఒకావిడ చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇది మా వదినగారు ఇచ్చారండి. ఆయుర్వేదమేనంట, ఏమీ చెయ్యదన్నారండి" అన్నారు. మూత మీద ఒక పువ్వు బొమ్మ ఉన్న స్టిక్కరు తప్ప మరేమీ లేదు. తయారీదారు పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు. రాసిన కొద్ది రోజులకే ముఖం తెల్లబడి మెరిసిందట, మానేయగానే చెంపలు ఎర్రబడి, మంటపుట్టి, సన్నని పొక్కులు లేచాయట. ఈ వరుస చూడగానే మందుల దుకాణంలో పనిచేసే ఎవరికైనా స్టెరాయిడ్ అనుమానం వస్తుంది. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటివి చర్మవ్యాధుల వైద్యుడు కొద్దికాలానికి రాసిచ్చే మందులు. వాటిని ముఖానికి నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, అవాంఛిత రోమాలు పెరుగుతాయి, మానినప్పుడు పైన చెప్పిన మంట తిరగబెడుతుంది. మన తడి వాతావరణంలో గజ్జల్లోనూ నడుము దగ్గరా వచ్చే తామర మీద కూడా ఇవే రాసి దాన్ని ముదరబెట్టుకున్నవారిని చూస్తూనే ఉన్నాను. ఆవిడను చర్మవైద్యుల దగ్గరకు పంపించాను, డబ్బా కూడా వెంట తీసుకువెళ్లమని చెప్పాను.

పేరున్న కంపెనీల సీలు డబ్బాలనూ, ఎవరింట్లోనో కలిపి చిన్న డబ్బాల్లోకి నింపిన ఈ క్రీములనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. అయితే ఈ రెండూ ఒకే దారిన, ఒకే మొహమాటం మీద మన ఇళ్లలోకి వస్తున్నాయి. ఒకదానికి డబ్బా తిప్పి చూడకుండా తీసుకోవడం అలవాటైన చెయ్యి రెండోదాన్నీ అలాగే తీసుకుంటుంది.

అందుకని తిప్పి చూడండి. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడకపు గడువు, అందులో కలిపిన పదార్థాల జాబితా లేబుల్ మీద ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. పదార్థాలను ఎక్కువ మోతాదులో ఉన్నవాటి నుంచి తక్కువ వాటికి వరుసగా రాస్తారు, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవి చివర్లో ఏ వరుసలోనైనా ఉండవచ్చు. కుంకుమపువ్వు క్రీము అని ముందువైపు పెద్ద అక్షరాలతో ఉండి, వెనుక జాబితాలో కుంకుమపువ్వు అట్టడుగున కనిపిస్తే, మీరు డబ్బు పెడుతున్నది ప్రధానంగా నీటికీ, నూనెలకూ, పరిమళానికీనని అర్థం. పాదరసం కలిపి సౌందర్య సాధనాలు తయారు చేయడాన్ని మన నియమాలు నిషేధించాయి, అయినా లేబుల్ లేని తెల్లబరిచే క్రీముల్లో అది ఉండే ప్రమాదం ఉంది. అది చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

మంగు మచ్చల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వైపు ఈ సీరమ్‌లు ఎక్కువగా అమ్ముడుపోయేది వాటి పేరు మీదే. కాన్పుల తరువాత చెంపల మీదా నుదుటి మీదా వచ్చే ఆ గోధుమరంగు మచ్చలకు హార్మోన్ల మార్పులు, వంశపారంపర్యం, అన్నిటికీ మించి ఎండ కారణాలు. నాట్లలోనూ కోతల్లోనూ ఎండలో వంగి పనిచేసే మనిషికి, చెరువుల దగ్గర నీటి మీద నుంచి తిరిగి కొట్టే వెలుతురులో నిలబడే మనిషికి, ఎంత ఖరీదైన సీరమ్ రాసినా ఎండ నుంచి కాపు లేకపోతే మచ్చ తిరిగి వస్తుంది. సన్‌స్క్రీన్ కూడా బఠాణీ గింజంత రాస్తే చాలదు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి, చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఈ లెక్కన ట్యూబు ఎన్నాళ్లు వస్తుందో, నెలకు ఖర్చెంతో కొనకముందే తేలిపోతుంది. తలకు తుండు, పైన వెడల్పాటి టోపీ పెట్టుకోవడం ఏ క్రీముకూ తీసిపోని రక్షణ. సీరమ్‌లలో విటమిన్ సి ఉన్నవి వేడికీ గాలికీ తొందరగా పాడవుతాయి. రేకుల ఇంట్లో బీరువా మీద వేసవి గడిపిన సీసా రంగు తిరిగి గోధుమరంగులోకి మారిందంటే దాని పని అయిపోయినట్టే. ఏది కొత్తగా వాడినా ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు మూడు రోజులు ఆగి చూడాలి.

ఇక నన్ను బాధించే ఆ రెండో ప్రశ్నకు, అమ్మినవారి దగ్గర మిగిలిపోయిన సరుకు సంగతికి వస్తాను. 'ఐడీ' వేయించుకున్న, అంటే కంపెనీలో అమ్మకందారుగా పేరు నమోదు చేయించుకున్న ఆడవారిలో చాలామందికి నెల నెలా ఇన్ని పాయింట్ల సరుకు తీయాలన్న ఒత్తిడి ఉంటుంది. తీయకపోతే స్థాయి పడిపోతుంది, కమిషన్ రాదు, అప్‌లైన్, అంటే ఆమెను చేర్పించిన పై అంచె మనిషి, ఫోను చేస్తారు. లెక్క ఒకసారి వేసి చూద్దాం. గరిష్ఠ ధర ప్రకారం 3,000 రూపాయల సరుకును ఆమె 2,400 రూపాయలకు తీసుకుందనుకోండి. మొత్తం అమ్మితే 600 రూపాయలు మిగులుతాయి. కానీ మూడోవంతు అమ్ముడుపోలేదంటే చేతికి వచ్చింది 2,000 రూపాయలు, పెట్టింది 2,400 రూపాయలు. బీరువాలో సరుకు ఉంది కాని చేతిలో 400 రూపాయలు తగ్గాయి. బస్సు ఛార్జీలు, నమూనాగా విప్పి చూపించిన సీసా, చెల్లెలికి లాభం చూసుకోకుండా ఇచ్చింది, అరువు ఇచ్చి అడగలేకపోయింది, వీటిలో ఏదీ ఈ లెక్కలోకి రాలేదు. మరుసటి నెల పాయింట్ల కోసం మళ్లీ సరుకు తీస్తుంది. పొదుపు సంఘం అప్పు తెచ్చి తీసినవారు కూడా నాకు తెలుసు. అప్పటికి ఆ కంపెనీకి అసలైన కొనుగోలుదారు ఆమే అయిపోతుంది, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు.

సరుకు అమ్మకం కాక మనుషుల్ని చేర్పించడం మీదే ఆదాయం వస్తుందని మీటింగుల్లో చెబితే మరింత జాగ్రత్తపడాలి. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలంటే ఐదో అంచెలోనే 3,125 మంది కావాలి. అంతమంది ఆడవారు లేని ఊళ్లు మన గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఇటువంటి 70 కంపెనీలు తామే ప్రకటించిన ఆదాయ వివరాలను పరిశీలించి, వాటిలో చేరినవారిలో అత్యధికులకు ఏడాదికి 1,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువే వచ్చిందని తేల్చింది. అందులోనూ ఖర్చులు తీసేయని లెక్కలే ఎక్కువ.

మన దేశంలో దీనికి చట్టం ఉంది. డబ్బు చలామణి పథకాలను 1978లోనే నిషేధించారు. 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల (దుకాణం లేకుండా నేరుగా అమ్మే) నియమాలు, మనుషుల్ని చేర్పించడం మీదే నడిచే పిరమిడ్ పథకాలను నిషేధించాయి, చేరినందుకు రుసుము తీసుకోకూడదని, ప్రదర్శన కిట్ కొని తీరాలని బలవంతపెట్టకూడదని చెప్పాయి. అమ్మే మనిషి గుర్తింపు కార్డు లేకుండా, ముందు చెప్పకుండా ఇంటికి రాకూడదు. ధర, వాపసు షరతులు స్పష్టంగా చెప్పాలి. తన పేరు, నంబరు, సరుకు వివరం, రద్దు చేసుకునే హక్కు రాసిన ఆర్డరు కాగితం ఇవ్వాలి. కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. మన పల్లెల్లో చుట్టరికం పేరుతో ఈ కాగితం ఒక్కటీ చేతులు మారదు. అది అడగడం బంధువును అవమానించడం కాదు. రేపు ముఖం మీద పొక్కులు లేస్తే, నింద అమ్మిన ఆ బంధువు మీద పడకుండా కంపెనీ మీదకు వెళ్లేది ఆ కాగితం ఉన్నప్పుడే. అందుకే నా దగ్గర అడిగినవారికి, వదినగారి దగ్గరే కొనండి కాని బిల్లు తీసుకోండి, అక్కరలేనిది మర్యాదగా వద్దనండి అని చెబుతాను. జాలిపడి కొని మూలన పడేసే సీసా ఆమెకు ఒక నెల సాయం చేస్తుంది, మరుసటి నెల ఇంకాస్త సరుకు తీయడానికి ధైర్యం ఇస్తుంది.

బీరువా నిండా సరుకు మిగిలిపోయిన అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. దాన్ని నా దుకాణంలో పెట్టి అమ్మలేను, మీరు కూడా గడువు దగ్గరపడ్డవాటిని తక్కువ ధరకు ఊళ్లో పంచకండి. సీలు విప్పనివన్నీ బయటికి తీసి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మీరు కట్టిన ధర ఒక కాగితం మీద రాసుకోండి. చేరేటప్పుడు సంతకం చేసిన ఒప్పందంలో సరుకు తిరిగి తీసుకునే షరతు ఎన్ని రోజులని ఉందో చూసి, ఆ గడువు దాటకముందే అప్‌లైన్‌కు ఫోను చేసి ఊరుకోకుండా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి, నకలు దగ్గర ఉంచుకోండి. సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పవచ్చు. ఆ ఉత్తరం రాయడం రాదనుకుంటే కాగితాలు తీసుకుని సాయంత్రం దుకాణానికి రండి, కలిసి రాద్దాం.