ఊరు మునిగినట్టు కల వస్తే: త్రిజట చూపిన దారి

"స్వప్నో హ్యద్య మయా దృష్టో దారుణో రోమహర్షణః."

సుందరకాండ 27వ సర్గలో త్రిజట మాట ఇది. దారుణమైన కల వచ్చింది, ఒళ్లు గగుర్పొడుస్తోంది అంటుంది ఆ ముసలి రాక్షసి. ఆమె కలలో లంక మొత్తం "సాగరే పతితా దృష్టా భగ్నగోపురతోరణా": గోపురాలు, తోరణాలు విరిగి సముద్రంలో పడిపోయింది.

తిరుపతి వాళ్లకు ఈ పాదం ఊరికే చదివి వదిలేసేది కాదు. 2021 నవంబరులో, సరిగ్గా కార్తీక పౌర్ణమి రోజుల్లో, కపిలతీర్థం జలపాతం ఎర్రటి బురదనీళ్లతో విరుచుకుపడింది. అలిపిరి మెట్ల మీద వరద పారింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలు హడలిపోయాయి. ఇప్పటికీ వాన రాత్రి ఊరు మునిగినట్టు కల వచ్చి ఉలిక్కిపడి లేచేవాళ్లు ఉంటే అందులో వింతేముంది?

లేవగానే కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుని, రెండు గుక్కల నీళ్లు తాగి, ఈ శ్లోకం మూడుసార్లు చెప్పుకోవాలి:

రామం స్కందం హనూమంతం వైనతేయం వృకోదరం
శయనే యః స్మరేన్నిత్యం దుఃస్వప్నం తస్య నశ్యతి

చాలామంది "రామస్కందం" అని కలిపేస్తారు. అవి రెండు పేర్లు. విడదీసి చెబితేనే రాముడు, కుమారస్వామి, హనుమ, గరుత్మంతుడు, భీముడు, అయిదుగురూ లెక్కకు వస్తారు. "శయనే" అని ఉంది కాబట్టి రోజూ పడుకునేటప్పుడు చెప్పుకోవలసిందే. కల వచ్చిన రోజు మాత్రమే గుర్తు చేసుకుంటే సరిపోదు.

పొద్దున స్నానం చేసి నువ్వుల నూనెతో రెండు వత్తుల దీపం పెట్టి 27వ సర్గ చదవాలి. నైవేద్యానికి బెల్లం ముక్క చాలు. వడపప్పు పెట్టాలనుకుంటే గుప్పెడు పెసరపప్పు గంటసేపు నానబెడితే చాలు, రాత్రంతా నానితే వాసన వస్తుంది. దీపం కొండెక్కితే ఇంకో అపశకునమని బెంబేలెత్తవద్దు. పొడి వత్తి వెలిగిస్తే నూనె పైకి ఎక్కేలోపే దూది కాలి నుసి కడుతుంది. వత్తిని ముందే నూనెలో బాగా తడిపి, ఫ్యాను ఆపి వెలిగించండి.

అసలు సంగతి సర్గ చివర్లో ఉంది. కల చెప్పి త్రిజట ఏడుస్తూ కూర్చోలేదు. సీతమ్మను బెదిరిస్తున్న తోటి రాక్షస స్త్రీలను ఆపింది. "ప్రణిపాతప్రసన్నా హి మైథిలీ", మొక్కితే కరుణించే తల్లి, వెళ్లి వేడుకోండి అంది. అంటే, కల భయపెట్టినప్పుడు ముందు చేస్తున్న తప్పు మానాలి, ఆ తర్వాత శరణు వేడాలి. ఎవరిని నొప్పించామో వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

నీళ్ల విషయంలో మనం చేసే తప్పు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కార్తీకానికి ముందే ఇంటి ముందు కాలువ మీద బండ లేపి చూడండి. ప్లాస్టిక్ కవర్లతో పాటు, మనం పూజ చేసి పారేసిన దండలూ అందులోనే చిక్కుకుని ఉంటాయి. వాటిని తీసేయండి. ఇకమీదట నిర్మాల్యం దారం విప్పి, పూలు మాత్రం చెట్టు మొదట్లో వేయండి.