మీటర్ లైటు లెక్కపెడుతూ బిల్లు మర్చిపోయాను

కరెంటు బిల్లు కడదామని సర్వీస్ నంబరు కోసం మీటర్ దగ్గరికి వెళ్లాను. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతోంది, పక్కన 3200 అని రాసుంది. ఒక్క యూనిట్ కాలేసరికి ఆ లైటు 3200 సార్లు వెలుగుతుందట. ఇంకేముంది, ఫ్రిజ్ ఆపి లెక్కపెట్టా, ఏసీ వేసి లెక్కపెట్టా, రాత్రి ఒంటిగంటకి ఇంట్లో ఏది ఎంత కరెంటు తాగుతోందో పెద్ద పట్టికే తయారైంది. బిల్లు మాత్రం కట్టలేదు. తర్వాత వచ్చిన నోటీసు కూడా చదవలేదు. ఒకరోజు లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కెళ్లాడు.

మా ఆవిడ తిట్టలేదు, నాకు దాంతోనే భయమేసింది. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తనే తీసుకుంది.

అప్పటికి నాకు 36. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) కావచ్చంది డాక్టరమ్మ. నేనేమో అది బెంచీలెక్కి దూకే పిల్లలకు వచ్చేదనుకునేవాణ్ణి. డాక్టరమ్మ నిద్ర గురించి అడిగింది, థైరాయిడ్ పరీక్ష రాసింది, పన్నెండేళ్లలోపు ఎలా ఉండేవాణ్ణో కనుక్కోవాలని అమ్మకి ఫోన్ చేయించింది. "పాలకి పంపిస్తే చీమల బారు వెంట పోయేవాడమ్మా, వెతుక్కుని తెచ్చుకునేవాళ్లం" అని అమ్మ నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది.

చివరికి ఏడీహెచ్‌డీయే అని తేల్చి, బీపీ, పల్స్ చూసి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టింది. మెదడులో ధ్యాస నిలవడానికి తోడ్పడే డోపమిన్ అనే రసాయనాన్ని కాస్త ఎక్కువసేపు నిలబెడుతుందట. మొదటిరోజు అద్భుతమేం జరగలేదు, గిన్నెలు కడగడం మొదలుపెట్టి పూర్తిగా కడిగేశాను, అంతే. కానీ మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయేది, సాయంత్రం మందు ప్రభావం తగ్గేటప్పుడు ఊరికే చిరాకు. అందుకే ఇప్పుడు పొద్దున్నే గట్టిగా టిఫిన్ తినేసి వేసుకుంటున్నాను. (ఈ మందుని 1944లో స్విట్జర్లాండ్‌లో పానిజాన్ అనే ఆయన తయారుచేశాడు, భార్య రీటా పేరు మీదే దానికి రిటాలిన్ అని పెట్టాడు. ఇదంతా చదువుతూ ఆరోజు మాత్ర వేసుకోవడం మర్చిపోయాను.)

తగ్గిందా అని అడుగుతుంటారు. ఇది జ్వరంలా వచ్చిపోయేది కాదు. మాత్ర వేసుకున్నా ప్రశ్నలు రావడం ఆగదు, ఆగాలని నాకూ లేదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, తోచింది రాసేసి చేతిలో పనికి తిరిగొస్తాను. వెతకడం ఆదివారం మధ్యాహ్నమే, రెండు గంటలు, అలారం పెట్టుకుని. సగం ప్రశ్నలు అప్పటికే చప్పబడిపోయి ఉంటాయి, చింతపండుతో తోమితే రాగిచెంబు ఎందుకు మెరుస్తుందో లాంటివి మాత్రం అలారం మోగినా వదలవు.

కరెంటు బిల్లుకి ఆటోపే పెట్టాం. అది మా ఆవిడ ఫోన్‌లో ఉంది.