బీడు తరువాతి పైరుకు భాస్వరం ఎందుకు అందదు

లేత మొక్కజొన్న ఆకుల అంచులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం చాలలేదని మనకు తెలుసు. వెంటనే మరో బస్తా డీఏపీ వేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. నేలలో భాస్వరం ఉన్నంత మాత్రాన అది పైరుకు అందినట్లు కాదని తరువాతనే గ్రహించాను.

నైట్రేటు నీటితో పాటు వేరు దగ్గరకు వస్తుంది గాని భాస్వరం అలా రాదు. నల్లరేగడిలో సున్నంతోను, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంలతోను బిగుసుకొని ఉన్నచోటనే ఉండిపోతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర దొరికినది తీసుకున్నాక ఆ పొర ఖాళీ అవుతుంది. ఆ పొరను దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరాన్ని మోసుకొచ్చేవి వెంట్రుక కంటే ఎంతో సన్నని శిలీంధ్రపు పోగులు. అవి వేరు కణంలోకి చొచ్చుకొని, చెట్టుకొమ్మల్లా చీలి, తెచ్చినదాన్ని అక్కడ అప్పగించి, బదులుగా చక్కెరలు, కొవ్వులు పుచ్చుకుంటాయి. వేరుకూ శిలీంధ్రానికీ ఉన్న ఇటువంటి పొత్తుకు 1885లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టారు.

ఈ శిలీంధ్రం బతికున్న వేరు లేకుండా పెరగలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మన రేగడి వంటి నల్లనేలల్లోనే, ఏడాది దాటి బీడు పెట్టిన పొలాల్లో తేమ, నత్రజని పుష్కలంగా ఉన్నా మొక్కజొన్న, అవిసె వంటి పైర్లు భాస్వరం, జింకు లోపాలతో గిడసబారేవి. బీడు కాలంలో శిలీంధ్రం క్షీణించడమే అందుకు కారణమని అక్కడి శాస్త్రవేత్త జాన్ థాంప్సన్ 1987లో చూపారు. నేలకు విశ్రాంతి ఇస్తే సారం పెరుగుతుందన్న నా నమ్మకాన్ని కదిలించిన ఉదాహరణ ఇది.

ఆవ, క్యాబేజీ, పాలకూర, తోటకూర వేళ్లలో ఈ శిలీంధ్రం సాధారణంగా స్థిరపడదు కనుక అవి వేసినా, శిలీంధ్రానికి సంబంధించినంత వరకు, ఆ చేను దాదాపు బీడుతో సమానమే. భాస్వరపు ఎరువు మితిమీరినా మొక్కే ఆ పొత్తును తగ్గించుకుంటుంది. అందుకే ఈ శిలీంధ్రాన్నే వ్యామ్ పేరుతో అమ్మే జీవన ఎరువును, డీఏపీని ఒకే చాలులో దండిగా వేయడం నాకు సమ్మతం కాదు. వ్యామ్‌ను విత్తనం కిందనో, నారు వేళ్లకు తగిలేలాగనో వేయాలి. పైపైన చల్లినది వేరును చేరడం కష్టం. నేను మాత్రం వ్యామ్ కొనడానికి ముందు, తేమ ఉన్నంతకాలం చేలో జొన్నో అలసందో నిలిచి ఉండేలా చూస్తున్నాను.