రోడ్డు మీద వడ్లు, చుట్టూ రాళ్లు

వరి కోతలు వచ్చాయంటే 108లో పనిచేసే మాకు టెన్షన్ మొదలవుతుంది. మా మండలంలో సగం తారు రోడ్డు వడ్లతోనే నిండిపోతుంది. పగలు ఎలాగోలా తప్పించుకుని పోవచ్చు. రాత్రయితే కుప్ప మీద నల్ల కవరు కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతారు. లైటు ఉండదు. బైకు మీద వచ్చేవాళ్లకు దగ్గరికి వచ్చేదాకా ఏమీ కనపడదు. మొన్న రాత్రి మేం ఎక్కించుకున్న అబ్బాయికి తలకే దెబ్బ. హెల్మెట్ ఇంట్లోనే ఉందని వాళ్ల నాన్న ఏడుస్తూ చెప్పాడు.

అలాగని రైతుల్ని తిట్టడం నాకిష్టం లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. కల్లం లేనివాళ్లు ఎక్కడ ఆరబోసుకోవాలి? ఊరికి రెండు సిమెంటు కల్లాలైనా కట్టమని గ్రామసభలో గట్టిగా అడగండి. సీసీ రోడ్డు కంటే ముందు అదే అడగండి. అప్పటిదాకా కనీసం రాళ్లు తీసేసి ఇసుక సంచులు పెట్టండి, వాటికి రేడియం స్టిక్కర్లు అంటించండి.

ఇంకో మాట. దెబ్బ తగిలినవాళ్ల చుట్టూ జనం మూగుతారు కానీ ముట్టుకోరు, కేసులో ఇరుక్కుంటామని భయం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు అది రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. నీళ్లు తాగించకండి, మెడ కదపకండి. ఫోన్లో ఊరి పేరుతో పాటు దగ్గర్లోని గుడో, వాటర్ ట్యాంకో చెప్పండి, మేం త్వరగా చేరుకుంటాం.